మఖ్దూం మొహియుద్దీన్: అందోల్ మసీదు నుంచి సెంట్రల్ జైలు దాకా

జహీరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని హైదరాబాద్ వైపు వెళితే దారిలో సంగారెడ్డి వస్తుంది. అక్కడ 1796లో కట్టిన పాత జైలు ఇప్పుడు మ్యూజియం. 2016లో జైళ్ల శాఖ అక్కడ ఒక వింత పథకం మొదలుపెట్టింది. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలాగా ఉండే వీలు ఇచ్చింది. ఖైదీ బట్టలు ఇచ్చేవారు, ఖైదీ తిండి పెట్టేవారు, ఖైదీ గదిలో పడుకోబెట్టేవారు. మర్నాడు తాళం తీసి ఇంటికి పంపేసేవారు. ఆ 500 రూపాయలకు దొరకనిది ఒక్కటే, ఎప్పుడు బయటికొస్తామో తెలియని ఆ దిగులు. నిజమైన ఖైదుకు అసలు బరువు అదే.

ఆ బరువును ఉర్దూ కవిత్వంలో పెట్టిన మనిషి ఇదే జిల్లావాడు. పేరు మఖ్దూం మొహియుద్దీన్. సొంతూరు అందోల్, జోగిపేటకు ఆనుకుని ఉన్న ఊరు. నిజాం కాలంలో అందోల్ మెదక్ జిల్లాలో ఉండేది, జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు జహీరాబాద్ కూడా మెదక్‌లో కలిసింది. 2016లో రెండూ సంగారెడ్డి జిల్లా కిందికి వచ్చాయి. అంటే ఈ ప్రాంతం పిల్లలు మఖ్దూంను పక్క ఊరి మనిషి అని చెప్పుకోవచ్చు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టిన విగ్రహాల వరుసలో ఆయన విగ్రహం కూడా ఉంది. కానీ ఆ విగ్రహం ముందు ఫొటో దిగేవాళ్లలో చాలామందికి ఆయన ఏం రాశారో తెలియదు. జైల్లో ఏం రాశారో అసలే తెలియదు.

మసీదు ఊడ్చిన పిల్లవాడు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న అందోల్‌లో పుట్టారు. పూర్తి పేరు అబూ సయీద్ మహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్. తండ్రి గౌస్ మొహియుద్దీన్ చిన్నతనంలోనే పోయారు. తండ్రి లేని పిల్లవాడిని చాచా బషీరుద్దీన్ దగ్గరికి తీసి పెంచారు. ఆ ఇల్లు నమాజు, ఖురాన్ చదువు తప్పని ఇల్లు. మఖ్దూం మసీదులో చీపురు పట్టారు, బావి నుంచి నీళ్లు తోడి నింపారు. చాచాకు లోకం సంగతులంటే ఇష్టం. దూరాన ఎక్కడో రష్యా అనే దేశంలో రాజును దింపేశారనీ, అక్కడ పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారనీ పిల్లవాడికి చెప్పేవారు. ఒకే దస్తర్‌ఖాన్ అనే మాట ముస్లిం ఇంట్లో పుట్టిన పిల్లవాడికి కొత్తదేమీ కాదు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడటం రోజూ చూస్తున్నదే. కానీ మసీదు బయట ఊళ్లో దేశ్‌ముఖ్‌లు, జాగీర్‌దార్లు, వెట్టి చేసే కూలీలు. ఈ రెండింటి మధ్య తేడా ఆయన్ని జీవితమంతా వదల్లేదు.

చదువు కోసం ఊరు వదిలి సంగారెడ్డిలో, హైదరాబాద్‌లో చదివారు. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ. ఆ రోజుల్లో ఉస్మానియాలో చదువంతా ఉర్దూలోనే. చేతిలో పైసా లేదు. ట్యూషన్లు చెప్పారు, పత్రికలకు రాశారు, సినిమా తారల బొమ్మలు అమ్మారు, ఇల్లు లేని రాత్రులు మసీదులో పడుకున్నారు. 1934లో బీఏ, 1936లో ఎంఏ పూర్తయ్యాయి.

కవిగా పేరు రావడం నవ్వులాటతోనే మొదలైంది. 1933లో హాస్టల్ స్నేహితుల్ని నవ్వించడానికి పీలా దుశాలా, అంటే పసుపు శాలువా, అని ఒక సరదా నజ్మ్ రాశారు. అది యూనివర్సిటీ అంతా పాకిపోయింది. తర్వాత బెర్నార్డ్ షా నాటకం ఒకదాన్ని హైదరాబాద్ వాతావరణానికి మార్చి, ఒక మిత్రుడితో కలిసి హోష్ కే నాఖూన్ అనే ఉర్దూ నాటకం తయారుచేశారు. అందులో తానే వేషం కూడా కట్టారు. హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ ఆ నాటకం చూసి మెచ్చుకుని, శాంతినికేతన్‌కు రమ్మని పిలిచారు. టాగూర్ మీద మఖ్దూం ఉర్దూలో ఒక పుస్తకం కూడా రాశారు.

వేలమందికి వినిపించిన గొంతు

1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మసీదులో పడుకున్న కుర్రాడికి అది చిన్న సంగతి కాదు. కానీ కొన్నేళ్లకే ఆ ఉద్యోగం వదిలేశారు. అప్పటికే అభ్యుదయ రచయితల సంఘం హైదరాబాద్ శాఖ ఆయన చేతుల మీదుగా నడుస్తోంది. కామ్రేడ్స్ అసోసియేషన్ అనే యువకుల బృందం తయారైంది. అందులో ఆలం ఖుంద్‌మీరీ, రాజ్ బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ లాంటివాళ్లు ఉన్నారు. హిందూ ముస్లిం యువకులు ఒకే గదిలో కూర్చుని కొత్త పుస్తకాలు చదువుకునేవారు. హైదరాబాద్ సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీకి పునాది వేసినవాళ్లలో మఖ్దూం ఒకరు.

పగలు కార్మిక సంఘాల పని, రాత్రి ముషాయిరా. రైల్వే కార్మికులు, సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికులు, మిల్లు కార్మికులు ఆయన్ని తమ మనిషి అనుకున్నారు. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు అధ్యక్షుడు ఆయనే. చదువు రాని కార్మికుడికి కూడా ఆయన షాయరీ నోటికి వచ్చేది. తరన్నుంలో చదివేవారు, గొంతు బాగుండేది, తాళం గట్టిగా ఉండేది.

1944లో మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వచ్చింది. ఎర్రని ఉదయం అని అర్థం. అందులో ప్రేమ నజ్మ్‌లూ ఉన్నాయి, యుద్ధం మీద రాసినవీ ఉన్నాయి. కూలిపోతున్న జాగీర్‌దారీ వ్యవస్థ మీద రాసిన హవేలీ ఉంది. సభల్లో వేలమంది కలిసి పాడిన జంగ్-ఎ-ఆజాదీ ఉంది. ఆ పాట నడక కవాతు నడక. ఒక్కరు పాడితే సరిపోదు, పక్కన ఇంకో పదిమంది ఉండాలి. అప్పటి మఖ్దూం గొంతు అదే. ఎదురుగా జనం ఉన్నారని నమ్మి పాడే గొంతు.

రెండు ప్రభుత్వాలు, ఒకటే తాళం

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం 1946లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. మఖ్దూం అజ్ఞాతంలోకి వెళ్లారు. తెలంగాణ పల్లెల్లో రైతుల సాయుధ పోరాటం సాగుతోంది. ఒకవైపు దొరలు, ఇంకోవైపు రజాకార్లు. మఖ్దూం రజాకార్లనూ వ్యతిరేకించారు, నిజాం పాలననూ వ్యతిరేకించారు. ముస్లిం ఇంట్లో పుట్టి ముస్లిం రాజును ఎదిరించినందుకు సొంతవాళ్లలోనే కొందరికి ఆయనంటే కోపం. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసింది. దాని వెనకాల వచ్చిన మారణకాండ గురించి పండిట్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలకు ఎక్కువ నష్టం జరిగిందని ఆ నివేదిక చెప్పింది. అప్పుడు జహీరాబాద్ ఆ బీదర్ జిల్లాలోనే ఉంది. ఇక్కడి పాత కుటుంబాల్లో ఆ రోజుల మాట ఇప్పటికీ గట్టిగా ఎత్తరు.

నిజాం పోయినా మఖ్దూంకు స్వేచ్ఛ రాలేదు. కొత్త ప్రభుత్వం కూడా పార్టీ మీద నిషేధం ఎత్తలేదు. నిజాం కాలంలో వెతికిన మనిషినే కొత్త పోలీసులూ వెతికారు. 1951లో పట్టుబడ్డారు. హైదరాబాద్ సెంట్రల్ జైల్లో పెట్టారు. సాయుధ పోరాటం విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది కూడా ఆ సంవత్సరం అక్టోబరులోనే. నిజాం హయాంలో ఒకసారి జైలు చూసిన మనిషి, ఇప్పుడు ఏ స్వాతంత్ర్యం కోసం పాడారో ఆ స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ జైలు చూశారు. అప్పటికి వయసు 43.

ఖైద్ అనే నజ్మ్

ఈ ఖైదులో రాసిన నజ్మ్ పేరు ఖైద్. అది పెద్ద నజ్మ్ ఏమీ కాదు. కానీ మఖ్దూం మొత్తం రాతల్లో దాని గొంతు వేరు.

అందులో రాత్రి ఉంది, ఒంటరితనం ఉంది. జైలు గోడలకు అవతల, ఊరి మధ్య నుంచి గంటల చప్పుడు వినిపిస్తుంది. నిద్రలోకి జారుతున్న మనసు ఉలిక్కిపడుతుంది. జ్ఞాపకాలు ఒక్కొక్కటే వస్తాయి. వీధుల్లో తిరిగే జనం కళ్ల ముందు కదులుతారు. వాళ్ల తొందర, వాళ్ల నుదుటి మీద గీతలు, రేపటి గురించి వాళ్ల భయం కనబడతాయి. ఒకప్పుడు ఆ జనం మధ్యనే నిలబడి పాడిన మనిషి ఇప్పుడు వాళ్లను ఊహించుకోవాల్సి వస్తోంది. పక్కకు ఒత్తిగిలితే సంకెళ్ల చప్పుడు. చివరికి కవి తన వయసు లెక్క వేసుకుంటారు. అంత విలువైన ఏళ్లు గోడల పాలయ్యాయని బాధపడతారు. దేశం మొత్తాన్ని చెర నుంచి విడిపించే పనికి ఆ ఏళ్లు అంది ఉంటే బాగుండేదని అనుకుంటారు.

ఈ నజ్మ్‌లో కవాతు తాళం లేదు. పాదాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రాత్రి నిద్ర పట్టనివాడి ఊపిరి లాగా ఆగి ఆగి నడుస్తుంది. పదిమంది కలిసి పాడటానికి కుదరదు. ఒక్కరే, మెల్లగా, తనకు తానే చదువుకోవాలి. సుర్ఖ్ సవేరా చదివి ఆ తర్వాత ఖైద్ చదివినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. జైలు కవిత్వం అనగానే మనవాళ్లు మురిసిపోతారు. కష్టం కవిని చేస్తుందని, గోడలు కలానికి పదును పెడతాయని అనేస్తారు. ఖైద్ రాసిన కవి అలా అనలేదు. జైలును తనకు దొరికిన వరంలా చూడలేదు. నష్టంగా చూశారు, ఆ నష్టం లెక్కనే నజ్మ్‌గా రాశారు. జైల్లో పుట్టిన కళను మెచ్చుకునేటప్పుడు జైలును మెచ్చుకోకుండా ఉండటం ఎలాగో ఆ నజ్మ్ నేర్పుతుంది.

బొగ్గు ముక్క, జ్ఞాపకం, రాతి గోడ

మఖ్దూం ఒంటరివాడేమీ కాదు. ఈ నేల మీద జైల్లో కళ పుట్టడం పాత సంగతే.

అందరికీ తెలిసిన పేరు కంచర్ల గోపన్న, భక్త రామదాసు. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానాషా కాలంలో ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలయ్యారు. ఆయన కీర్తనల్లో చాలా వాటికి ఆ చెరతోనే సంబంధం. గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా అని చూపించే గదిలో గోడ మీద చెక్కిన దేవతా రూపాలు ఉన్నాయి. అవి రామదాసే చెక్కారని జనం నమ్మకం. ఆ కథకు రెండో సగం కూడా ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక తానాషా కూడా ఖైదీ అయ్యారు. దౌలతాబాద్ కోట చెరలోనే కన్నుమూశారు. బంధించినవాడూ బందీ అయ్యాడు.

మఖ్దూం కాలంలోనే దాశరథి కృష్ణమాచార్య ఉన్నారు. నిజాం ప్రభుత్వం ఆయన్ని నిజామాబాద్ ఇందూరు కోట జైల్లో పెట్టింది. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాశారు. తెలంగాణలో బడి పిల్లలకు కూడా తెలిసిన పద్యం ఆ గోడ మీదిదే. అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి బయటికొచ్చాక జైలు లోపల అనే కథల సంపుటి రాశారు. ఆయన రాసింది రాజకీయ ఖైదీల గొప్పలు కావు. మామూలు నేరాలకు లోపలికొచ్చిన బీదవాళ్ల కథలు అవి. దాశరథికి ఉర్దూ బాగా వచ్చు. తర్వాత గాలిబ్ గజళ్లను తెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే.

సరిగ్గా మఖ్దూం పట్టుబడిన 1951లోనే, మార్చిలో, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో ఫైజ్ అహ్మద్ ఫైజ్‌ను రావల్పిండి కుట్ర కేసులో అరెస్టు చేశారు. ఆయన నాలుగేళ్లకు పైగా లోపలే ఉన్నారు. దస్త్-ఎ-సబా 1952లో ఆయన జైల్లో ఉండగానే అచ్చయింది, జిందాన్ నామా 1956లో వచ్చింది. రెండు దేశాలు విడిపోయి నాలుగేళ్లయినా కాలేదు. రెండు దేశాల్లోనూ ఉర్దూ కవులు జైల్లో ఉన్నారు. వాళ్లకంటే ముందు ఇంగ్లీషువాళ్ల జైల్లో హస్రత్ మొహానీ తిరగలి విసురుతూ షాయరీ అల్లారు. మౌలానా ఆజాద్ 1942 నుంచి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉంటూ గుబార్-ఎ-ఖాతిర్ ఉత్తరాలు రాశారు.

వీళ్లందరిలో కవులే ఎక్కువ ఎందుకున్నారంటే కారణం సులువే. కవిత్వానికి సరుకు అక్కర్లేదు. బొమ్మ గీయాలంటే రంగులు కావాలి, పాట కట్టాలంటే వాయిద్యం కావాలి. షేర్‌కు ఏమీ వద్దు. బహర్, ఖాఫియా, రదీఫ్ ఉంటే చాలు, అవే మాటల్ని మనసులో పట్టి ఉంచుతాయి. కాగితం ఇవ్వకపోయినా షేర్ చెరిగిపోదు. జైలు అధికారి గోడకు సున్నం వేయించగలడు కానీ జ్ఞాపకానికి వేయించలేడు.

చేతిపని తెలిసిన ఖైదీలకు వేరే దారి ఉండేది. వరంగల్ సెంట్రల్ జైల్లో ఖైదీలు నేసిన తివాచీలకు, జంపఖానాలకు మంచి పేరుండేది. ఆ జైలును 2021లో కూల్చేశారు. ఇళ్లలో పరిచిన ఆ జంపఖానాల మీద నేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. మఖ్దూం పేరు మిగిలింది, వాళ్ల పేర్లు మిగల్లేదు.

జైలు బయట దొరికిన చోటు

1952లో మఖ్దూం బయటికొచ్చారు. ఇక్కడే ఆయన జీవితంలో చాలామంది పట్టించుకోని మలుపు ఉంది.

ఆయన జైలు నుంచి వచ్చినప్పుడు జనం మొహం తిప్పుకోలేదు. ఆ సంవత్సరమే నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఓటర్లు ఆయన్ని హైదరాబాద్ శాసనసభకు పంపారు. నిన్నటి ఖైదీ ఇవాళ సభలో నిలబడి ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. ఆ ఓటర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు, హిందువులు, రైతులు, కూలీలు. ఆయన ఉర్దూ షాయర్, ముస్లిం. ఆ తేడా వాళ్లకు అడ్డం కాలేదు. కార్మిక సంఘాలు మళ్లీ పని అప్పగించాయి. ఆ తర్వాత వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యలో పనిచేశారు, చాలా దేశాలు తిరిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనమండలి సభ్యుడయ్యారు, చివరిదాకా ఆ సభలో ఉన్నారు. ప్రతిపక్ష నాయకుడిగానూ పనిచేశారు.

ముషాయిరాలు మళ్లీ పిలిచాయి. అప్పుడు ఆయన నోటి నుంచి వచ్చింది కొత్త మఖ్దూం గొంతు. మొదటి సంపుటికీ రెండో సంపుటికీ మధ్య 17 ఏళ్లు గడిచాయి. రెండోది గుల్-ఎ-తర్, 1961లో వచ్చింది. తడి ఆరని పువ్వు అని అర్థం. ఖైద్ కూడా ఈ కాలపు నజ్మ్‌లలోనే చేరింది. జీవితమంతా నజ్మ్‌లు రాసిన మనిషి యాభై దాటే వేళకు గజల్ పట్టారు. ఒక్కరితో మెల్లగా మాట్లాడే ప్రక్రియ గజల్. రాత్రి, ఎదురుచూపు, దూరమైనవాళ్ల జ్ఞాపకం, పూల వాసన. జైలు నజ్మ్‌లో మొదలైన ఆ తగ్గు స్వరం ఈ గజళ్లలో పూర్తిగా విచ్చుకుంది.

అలాగని పాత నమ్మకాలు వదల్లేదు. కాంగోలో లుముంబాను చంపినప్పుడు నజ్మ్ రాశారు, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడూ రాశారు. 1966లో బిసాత్-ఎ-రఖ్స్ పేరుతో కవితలన్నీ ఒకచోట వచ్చాయి. 1969 సంవత్సరానికి ఉర్దూలో సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే దక్కింది.

ఒక్కసారి లెక్క చూస్తే, ఖైదు తర్వాత ఆయనకు 17 ఏళ్ల జీవితం మిగిలింది. ఈనాటికీ జనం పాడుకునే మఖ్దూం గజళ్లు ఆ 17 ఏళ్లలో పుట్టినవే. వాటి ఖ్యాతి జైలుకు చెందదు. జైలు నుంచి వచ్చిన మనిషికి కూర్చోవడానికి చోటు, చేయడానికి పని, వినడానికి మనుషులు దొరికారు కాబట్టే అవి పుట్టాయి.

పేరు తెలియకుండా పాడుకునే పాటలు

మఖ్దూం 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 61. జనాజా హైదరాబాద్ వచ్చింది. నాంపల్లిలో షా ఖామోష్ దర్గా ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. ఖామోష్ అంటే మౌనం. జీవితమంతా గొంతెత్తిన మనిషికి ఆ మౌన ఫకీరు పక్కనే నిద్ర దొరికింది. హిమాయత్‌నగర్‌లో కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టారు.

ఆయన పోయాక ఆయన మాటలు సినిమాల్లోకి వెళ్లాయి. 1978లో ముజఫర్ అలీ తీసిన గమన్‌లో ఆయన గజల్ ఒకటి ఉంది. ఊరు వదిలి బొంబాయిలో టాక్సీ నడిపే మనిషి కథ ఆ సినిమా. ఆ గజల్ పాడినందుకు ఛాయా గంగూలీకి జాతీయ అవార్డు వచ్చింది. 1982లో వచ్చిన బజార్‌లో మరో గజల్‌ను లతా మంగేష్కర్, తలత్ అజీజ్ కలిసి పాడారు. హైదరాబాద్ బీద ముస్లిం ఇళ్లలో ఆడపిల్లల్ని గల్ఫ్ డబ్బుకు పెళ్లి పేరుతో అప్పగించే దారుణం మీద తీసిన సినిమా అది. పువ్వుల గురించి అంత అందంగా సాగే గజల్ అలాంటి కథలో వినిపించడం గుండెను పిండేస్తుంది. ఉర్దూ కవుల మీద వచ్చిన కహ్‌కషాఁ అనే టీవీ సీరియల్‌లో మఖ్దూం వేషం కట్టింది ఇర్ఫాన్ ఖాన్. ఫైజ్ అయితే మఖ్దూం జ్ఞాపకంగా ఆయన గజళ్ల బాణీలోనే తన గజళ్లు అల్లారు. ఒకే సంవత్సరం జైలుకు వెళ్లిన ఇద్దరు కవుల మధ్య అది చివరి సలాం.

జహీరాబాద్ వైపు చాలా ముస్లిం ఇళ్లలో ఇప్పుడు పిల్లలు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, ఉర్దూ లిపి చదవడం చాలామందికి రాదు. మఖ్దూం గజల్ ఫోన్‌లో వింటారు, అది పక్క ఊరి మనిషి రాసిందని తెలియదు. లిపి రాకపోయినా మనిషిని తెలుసుకోవచ్చు. దాదా, నానీల్లో ఉర్దూ చదవగలిగినవాళ్లు ఒకరుంటే చాలు, ఖైద్ నజ్మ్ ఒక రాత్రి గట్టిగా చదివి పిల్లలకు తెలుగులో అర్థం చెప్పొచ్చు.

అది చెప్పేటప్పుడు ఆ నజ్మ్ చివర్లో కవి వేసిన లెక్క దాటేయకూడదు. గోడల మధ్య పోయిన ఏళ్లు తిరిగి రావు. ఇప్పుడూ ప్రతి మొహల్లాలో జైలుకు వెళ్లొచ్చిన యువకుడు ఒకడైనా ఉంటాడు. కొందరు తప్పు చేసి వెళ్లినవాళ్లు, కొందరు ఏళ్లపాటు విచారణ ఖైదీగా ఉండి చివరికి నిర్దోషిగా బయటికొచ్చినవాళ్లు. వాళ్లకు అద్దె ఇల్లు దొరకదు, పని దొరకదు, పెళ్లి సంబంధం అయితే మాటే ఎత్తరు. వాళ్ల చేతిలోనూ ఏదో ఒక పని ఉండొచ్చు. ఒకరికి బొమ్మ గీయడం, ఒకరికి ఖత్తాతీ, ఒకరికి నాత్ చదివే మంచి గొంతు. మఖ్దూంకు హుజూర్‌నగర్ రైతులు దారి ఇచ్చారు. వీళ్లకు దారి ఇవ్వాల్సింది వాళ్ల మొహల్లావాళ్లే.